కంపెనీల డబ్బు ఓటరు దగ్గరికి రాదు, ఫైలు దగ్గరికి వెళ్తుంది

ముత్తుకూరు వైపు నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది: "మా చుట్టూ థర్మల్ ప్లాంట్లు, పక్కనే కృష్ణపట్నం పోర్టు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా కంపెనీల డబ్బుతోనే గెలుస్తున్నారని అందరూ అంటారు. అది నిజమేనా? ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఇక ఈ వ్యవహారం ఆగినట్టేనా? మాలాంటివాళ్లం చేయగలిగింది ఏమైనా ఉందా?"

నేను విద్యుత్ పంపిణీ సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నెల్లూరులోనూ ఉన్నాను, ఒంగోలులోనూ ఉన్నాను. ఎన్నికలు వస్తే మా విభాగం వాళ్లకు తప్పని డ్యూటీ ఒకటి ఉండేది, అభ్యర్థుల ఖర్చు లెక్కలు చూడటం. ఏడాదంతా కరెంటు కొనుగోలు బిల్లులు, ఎన్నికల నెలలో ప్రచార ఖర్చు రిజిస్టర్లు. రెండు రకాల కాగితాలూ చూసినవాడిగా చెబుతున్నాను. ఎవరు గెలవాలన్న దాని మీద కంపెనీల డబ్బు ప్రభావం జనం అనుకునేంత లేదు. ఎవరు గెలిచినా తమ ఫైలు ఆగకూడదన్న దాని మీద మాత్రం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. పోలింగ్‌కు ముందు రాత్రి మీ వీధిలో జరిగే పంపకాల్లో దాని జాడ వెతికితే దొరకదు.

ముందు గెలుపు సంగతి చూద్దాం. డబ్బే గెలిపిస్తుందనేవాళ్లకు నెల్లూరు పార్లమెంటు స్థానానికి 2012 జూన్‌లో జరిగిన ఉప ఎన్నికను గుర్తుచేస్తుంటాను. కాంగ్రెస్ తరఫున టి. సుబ్బరామిరెడ్డి నిలబడ్డారు. పేరుమోసిన పారిశ్రామికవేత్త. ఆయన కుటుంబానికి చెందిన గాయత్రి ప్రాజెక్ట్స్ అప్పటికే సింగపూర్ సంస్థ సెంబ్‌కార్ప్‌తో కలిసి మీ ప్రాంతంలోనే థర్మల్ ప్లాంటులో భాగస్వామి. రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఆయన పార్టీదే అధికారం. అయినా వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మేకపాటి రాజమోహన్‌రెడ్డి చేతిలో సుమారు 2.9 లక్షల ఓట్ల తేడాతో ఓడిపోయారు. మేకపాటి వారేమీ పేదవారు కాదు, వారిదీ నిర్మాణ రంగంలో పేరున్న కుటుంబమే. అసలు విషయం కూడా అక్కడే ఉంది. పోటీలో ఇద్దరూ కాంట్రాక్టు వ్యాపారం తెలిసినవారే. ఓటరు వారిలో ఒకరిని తిరస్కరించగలిగాడు గానీ, ఆ వ్యాపారం లేని మనిషి బరిలో గట్టిగా నిలబడే పరిస్థితిని మాత్రం తెచ్చుకోలేకపోయాడు.

ఆ తర్వాత కూడా చూడండి. 2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని 10 అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌వి. 2024లో అవే 10 తెలుగుదేశానివి. ఉమ్మడి ప్రకాశంలోని 12 స్థానాల్లో 2024లో యర్రగొండపాలెం, దర్శి తప్ప మిగతావన్నీ కూటమికే వచ్చాయి. డబ్బు రెండు వైపులా ఉంది. అలాంటప్పుడు ఇంతటి తిరుగుడు డబ్బుతో వచ్చిందనలేం. జనం కోపంతో వచ్చింది, ఆశతో వచ్చింది, కులం లెక్కలతో వచ్చింది. పంపకాల ప్రభావం అసలు లేదనను. కానీ రెండు పార్టీలూ పంచే చోట పంచడం ప్రవేశ రుసుము అవుతుంది తప్ప గెలుపు మంత్రం కాదు. ఆ రుసుము కట్టగలిగినవాడికే టికెట్ దక్కుతుంది. "ఖర్చు పెట్టుకోగలడా?" అన్న ప్రశ్న పార్టీ ఆఫీసులో అందరికంటే ముందు వినిపిస్తుంది. పెద్ద డబ్బు తన పని మొదట చేసేది అక్కడే, మీరు ఓటు వేయడానికి నెలల ముందు.

లెక్కల బృందంలో మేం చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షల రూపాయలు, పార్లమెంటుకు 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు అభ్యర్థి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఆయన తన రిజిస్టర్ తాను రాసుకుంటాడు. మేం 'షాడో రిజిస్టర్' అని ఇంకొకటి రాస్తాం. ప్రచార కాలంలో మూడుసార్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూస్తాం. ఒకసారి ఒక అభ్యర్థి ఏజెంటు సభలో వేసిన కుర్చీల సంఖ్య మీద మాతో చాలాసేపు వాదించాడు. వీడియో పెట్టి, ఆపి, వరుసలు లెక్కపెట్టాం. ఆ తగాదా తేలేలోపు ఇంకొకటి వచ్చింది: పంచిన పొట్లాల్లో ఉన్నది పులిహోరా, బిర్యానీనా? జిల్లా యంత్రాంగం ఇచ్చిన రేట్ల పట్టికలో రెండింటికీ వేర్వేరు ధరలు మరి. వీడియోలో ఒకాయన పొట్లం విప్పుతున్న దృశ్యాన్ని పెద్దది చేసి చూసి పులిహోర అని రాసుకున్నాం. అదే వారంలో అదే నియోజకవర్గంలో హెలికాప్టర్ దిగింది. స్టార్ క్యాంపెయినర్ ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదు. చట్టమే అలా ఉంది. పులిహోర పొట్లం లెక్కలోకి వస్తుంది, హెలికాప్టర్ రాదు.

అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు ఏ పరిమితీ లేదు. అభ్యర్థి గెలుపు కోసం పార్టీ పెట్టే ఖర్చు కూడా ఆయన లెక్కలో కలపాల్సిందేనని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వెంటనే చట్టాన్ని సవరించి ఆ తీర్పుకు గండి కొట్టారు. 2003లో ఆ గండిని కొంత పూడ్చారు గానీ స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాల మినహాయింపు ఉండిపోయింది. కంపెనీలు చట్టబద్ధంగా ఇచ్చే విరాళం పార్టీకి వెళ్తుంది, అభ్యర్థి రిజిస్టర్‌కు కాదు. కాబట్టి మాలాంటివాళ్లం రాత్రింబవళ్లు కూర్చుని రాసిన లెక్కల్లో కార్పొరేట్ డబ్బు కనిపించే అవకాశమే లేదు.

ఇక బాండ్ల విషయం. 2017 ఆర్థిక చట్టంతో దారి వేసి, 2018 జనవరిలో పథకాన్ని ప్రకటించారు. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇస్తే, ఆ పార్టీ 15 రోజుల్లో మార్చుకోవాలి. ఎవరు ఎవరికి ఇచ్చారో జనానికి తెలియదు. దాంతోపాటే ఇంకో మార్పు నిశ్శబ్దంగా జరిగింది. అంతకుముందు కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదు. ఆ పరిమితి ఎత్తేశారు. అంటే లాభమే లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వవచ్చు. అకౌంట్స్ మనిషిగా నాకు బాండ్ల గోప్యత కన్నా ఇదే ఎక్కువ వింతగా అనిపించింది. నష్టాల్లో ఉన్న సంస్థ విరాళమిస్తోందంటే ఆ డబ్బు దానిది కాదని లెక్కలు నేర్చుకునే కుర్రాడు కూడా చెబుతాడు. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం బాండ్లనూ, ఈ సవరణనూ కలిపి కొట్టేసింది. పథకం నడిచినంత కాలంలో అమ్ముడైన బాండ్లు 16,518 కోట్ల రూపాయలవి.

కోర్టు ఆదేశంతో 2024 మార్చిలో బయటపడ్డ జాబితా 2019 ఏప్రిల్ నుంచి ఉన్నది. అందులో మన రాష్ట్రం వరకు చూస్తే వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు, జనసేనకు 21 కోట్లు. దేశం మొత్తం మీద రెండో పెద్ద దాత హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. దాని అనుబంధ విద్యుత్ సరఫరా సంస్థ ఒకటి విడిగా మరో 220 కోట్ల బాండ్లు కొన్నది. మేఘా బాండ్లు మన రాష్ట్రంలో అధికార పార్టీకీ వెళ్లాయి, ప్రతిపక్షానికీ వెళ్లాయి. కడప కేంద్రంగా ఉన్న షిర్డీసాయి ఎలక్ట్రికల్స్ 2024 జనవరిలో 40 కోట్ల బాండ్లు కొన్నది. వాటిని మార్చుకున్నది తెలుగుదేశం. అంతకుముందు దాకా ఆ సంస్థ అప్పటి ముఖ్యమంత్రికి దగ్గరిదని ఆరోపిస్తూ వచ్చిందీ తెలుగుదేశమే. ఇందులో చట్టవిరుద్ధమైనదేదీ నిరూపణ కాలేదు. బాండ్లు అప్పటికి చట్టబద్ధమే. నేను చెప్పేదల్లా ఒకటే. సంక్రాంతి బరిలో రెండు కోళ్ల మీదా కాసేవాడికి ఏ కోడి గెలుస్తుందన్న బెంగ ఉండదు, పందెం ఆగిపోకూడదన్నదే వాడి చింత.

బాండ్లు పోయాయి కాబట్టి ఆగిందా అని అడిగారు. ఆగలేదు, దారి మార్చుకుంది. 2013 నుంచే ఎలక్టోరల్ ట్రస్టులు ఉన్నాయి. కంపెనీలు ట్రస్టుకు ఇస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. 2024-25లో ఇలా పార్టీలకు చేరింది 3,800 కోట్లకు పైనే, అంతకుముందు ఏడాదికి మూడు రెట్లు. బాండ్లతో పోలిస్తే ఇది నయమే, ట్రస్టుకు ఎవరిచ్చారో, ట్రస్టు ఎవరికిచ్చిందో రెండూ ఎన్నికల సంఘం దగ్గర దొరుకుతాయి. కానీ ఫలానా కంపెనీ డబ్బు ఫలానా పార్టీకి వెళ్లిందని గీత గీసి చూపలేరు, మధ్యలో అంతా ఒకే కుండలో కలుస్తుంది. నగదు సంగతి మాట్లాడను. దానికి రిజిస్టరే లేదు.

ఇప్పుడు అసలు విషయం, విద్యుత్ సంస్థలకు ప్రభుత్వంతో అంత అవసరం ఏమిటన్నది. దీన్ని అర్థం చేసుకోవడానికి మీకన్నా అనువైన చోట ఉన్నవారు లేరు. కృష్ణపట్నం చుట్టూ 2007 నుంచి ఏం జరిగిందో చూడండి. 3,960 మెగావాట్ల భారీ ప్రాజెక్టును యూనిట్ 2.33 రూపాయలకే ఇస్తామని రిలయన్స్ పవర్ 2007లో దక్కించుకుంది. ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధనలు మార్చిందంటూ 2011లో పని ఆపేసింది. చిల్లకూరు మండలం తమ్మినపట్నం దగ్గర మీనాక్షి ఎనర్జీ, సింహపురి ఎనర్జీ ప్లాంట్లు కట్టారు. చివరికి రెండూ దివాలా ప్రక్రియకు వెళ్లి, ఒకటి వేదాంత చేతికి, రెండోది జిందాల్ పవర్ చేతికి వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010 కాల్పుల తర్వాత ప్లాంటు కట్టలేకపోయిన నాగార్జున కన్‌స్ట్రక్షన్ మీ వైపే ఇంకో ప్రాజెక్టు చేపట్టింది. అది తర్వాత సెంబ్‌కార్ప్‌కు చేరింది. అదే సముద్రం, అదే పోర్టు, అదే దిగుమతి బొగ్గు. కొన్ని బతికాయి, కొన్ని మునిగాయి. తేడా ఎక్కువగా ఒక్క కాగితం దగ్గర ఉంటుంది. దాన్నే విద్యుత్ కొనుగోలు ఒప్పందం అంటారు, మా ఆఫీసు భాషలో పీపీఏ.

పీపీఏ ఉంటే ప్లాంటుకు రెండు రకాల డబ్బు వస్తుంది. కరెంటు ఇచ్చిన మేరకు బొగ్గు ఖర్చు, అంటే చర వ్యయం. దానికి తోడు ప్లాంటు సిద్ధంగా ఉన్నందుకు స్థిర ఛార్జీ. డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, ఆ రోజు కరెంటు వద్దన్నా స్థిర ఛార్జీ కట్టాల్సిందే. థర్మల్ ఒప్పందాలు పాతికేళ్ల దాకా ఉంటాయి. ఆ కాగితం చూపితేనే బ్యాంకు అప్పిస్తుంది. అది లేని ప్లాంటు రోజువారీ మార్కెట్లో అమ్ముకోవాలి, బొగ్గు ధర పెరిగితే మునగాలి. ఎరువుల కంపెనీ సరుకు అమ్మాలంటే వేలమంది రైతులను ఒప్పించాలి. కరెంటు కంపెనీకి ఏళ్ల తరబడి కొనేవాడు దాదాపు ఒక్కడే, ప్రభుత్వ డిస్కం. ఆ డిస్కం పాలకవర్గం, ఇంధన శాఖ కార్యదర్శి, మంత్రివర్గం, వీరంతా ఐదేళ్లకోసారి జరిగే ఎన్నికతో మారుతుంటారు. పాతికేళ్ల ఒప్పందానికి ఐదుసార్లు ప్రభుత్వం మారే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి బీమా కట్టాలని ఏ వ్యాపారికైనా అనిపిస్తుంది.

ప్రమాదం ఊహ కాదు. 2019లో కొత్త ప్రభుత్వం రాగానే పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు ఎక్కువని సమీక్షకు కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. ఒప్పందం ప్రకారమే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లూ బకాయిలు పేరుకుపోయాయి. మా టేబుళ్ల మీద ఆ ఫైళ్లు ఎంత ఎత్తుకు పెరిగాయో చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 'సెకి' ఒప్పందం. 2021 డిసెంబరులో రాష్ట్ర డిస్కంలు కేంద్ర సంస్థ సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ నుంచి 7,000 మెగావాట్ల సౌర విద్యుత్‌ను యూనిట్ 2.49 రూపాయలకు, పాతికేళ్లపాటు కొనడానికి ఒప్పుకున్నాయి. రైతుల పగటి కరెంటుకు చవకగా దొరికిందని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఆ కరెంటు రాజస్థాన్ నుంచి ఎందుకు, మన దగ్గర ఎండ లేదా అని విమర్శకులు అడిగారు. 2024 నవంబరులో అమెరికా న్యాయశాఖ, అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ అదానీ గ్రూపు పెద్దల మీద అభియోగాలు బయటపెట్టాయి. ఇలాంటి కొనుగోళ్ల కోసం రాష్ట్రాల అధికారులకు 2,000 కోట్లకు పైగా లంచం ఇవ్వజూపారని, అందులో సింహభాగం, సుమారు 1,750 కోట్లు, ఆంధ్రప్రదేశ్ కోసమని వాటి సారాంశం. అదానీ గ్రూపు ఖండించింది. తమ ఒప్పందం కేంద్ర సంస్థతోనే తప్ప అదానీతో కాదని వైఎస్సార్ కాంగ్రెస్ అన్నది. ఇవి అభియోగాలు, రుజువైనవి కావు.

ఇందులో ఒంగోలుకు సంబంధించిన ముక్క ఒకటుంది. అప్పటి ఇంధన శాఖ మంత్రి ఒంగోలు ఎమ్మెల్యే బాలినేని శ్రీనివాసరెడ్డి. అభియోగాలు బయటికొచ్చాక ఆయన ఒక మాట చెప్పారు. రాత్రి ఒంటిగంటకు శాఖ కార్యదర్శి ఫోన్ చేసి సంతకం పెట్టమన్నారని, అనుమానం వచ్చి తాను పెట్టలేదని, మర్నాడు ఫైలు నేరుగా మంత్రివర్గం ముందుకు వెళ్లిందని. ఆయన పాత పార్టీ వారు కొట్టిపారేశారు. ఈ మాట చెప్పేనాటికి ఆయన జనసేనలో చేరి ఉన్నారు, కాబట్టి కొంత అనుమానం ఉంచుకునే వినండి. అయినా ఇద్దరి మాటల్లోనూ వివాదం లేనిది ఒకటుంది. పాతికేళ్ల కొనుగోలు మీద అసెంబ్లీలోనో, జనం మధ్యనో ముందుగా చర్చ జరిగిందని ఎవరూ అనలేదు. ప్రతిపక్షంలో ఉండగా ఈ ఒప్పందం మీద హైకోర్టుకు వెళ్లిన పయ్యావుల కేశవ్ 2024 తర్వాత ఆర్థిక మంత్రి అయ్యారు. మరి రద్దు చేశారా అంటే, గట్టి ఆధారాలు కావాలి, ఊరికే రద్దు చేస్తే జరిమానా పడుతుంది అన్న మాటే వినిపించింది. న్యాయపరంగా ఆ మాటలో అర్థముంది. సరిగ్గా అందుకే ఆ కాగితానికి అంత విలువ.

కరెంటు ధర ఎన్నికల్లో పేలదా అంటారేమో. పేలింది ఒకసారి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపు వ్యతిరేక ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2004లో ప్రభుత్వం మారింది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం రైతుల ఉచిత విద్యుత్ మీదే. దర్శి, కనిగిరి మెట్టల్లో బోరు నమ్ముకున్న రైతులు ఆ సంతకాన్ని నేటికీ చెప్పుకుంటారు. నాయకులు ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నది మాత్రం చవకగా కొనడం కాదు. ధర బాహాటంగా పెంచకూడదని, బిల్లు వాయిదా వేయవచ్చని నేర్చుకున్నారు.

మీ ఇంటి బిల్లు తీయండి, మీటర్ రీడర్ యంత్రం నుంచి చించి ఇచ్చే ఆ సన్నటి కాగితం. ఎనర్జీ ఛార్జీలు, స్థిర ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, విద్యుత్ సుంకం. వాటి కింద ఎఫ్‌పీపీసీఏ అని, ట్రూ-అప్ అని ఉంటాయి. ఇంధనం, కొనుగోలు ఖర్చు ముందు అనుకున్నదానికంటే ఎక్కువైతే ఆ తేడాను తర్వాత వసూలు చేసుకునే పద్దులవి. 2022-23 సంవత్సరానికి ఈ తేడా 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు. రెండింటి వసూలూ మొదలైంది 2024 చివర్లో, అంటే మే 13న పోలింగ్ అయి ఆరు నెలలు దాటాక. కరెంటు కొన్నది పాత ప్రభుత్వం, వసూలు చేసింది ఛార్జీలు పెంచబోమని చెప్పి గెలిచిన కొత్త ప్రభుత్వం, ఆ ఛార్జీల మీద 2024 డిసెంబరులో ధర్నా చేసింది పాత ప్రభుత్వం నడిపిన పార్టీ. ఇంతకంటే చక్కని నాటకం సురభి వాళ్లు కూడా వేయలేరు. ఓటు వేసిన రోజున మీకు తెలియాల్సిన లెక్క మీ చేతికి ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఎన్నికలను ప్రభావితం చేయడం అంటే నేను ముందుగా చూపేది దీన్ని.

భూమి విషయంలోనూ ఇదే నడక. ఉలవపాడు మండలం కరేడు చూడండి. షిర్డీసాయి వారి ఇండోసోల్ సోలార్ పరిశ్రమకు గత ప్రభుత్వం రామాయపట్నం పరిసరాల్లో భూమి చూపింది. ప్రభుత్వం మారింది. ఆ చోటు బీపీసీఎల్ రిఫైనరీకి కావాలన్నారు, ఇండోసోల్‌కు కరేడులో వేల ఎకరాలు సేకరిస్తామన్నారు. 2025 జూన్‌లో ఆ ఊరి రైతులు జాతీయ రహదారి మీదికొచ్చి కూర్చున్నారు, జూలైలో గ్రామసభలో వద్దన్నారు. మామిడి, సపోటా తోటలున్న నేల అది. పరిశ్రమ రావాలా వద్దా అన్నది వేరే చర్చ, ఉద్యోగాలు కావాలనేవాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. నేను గమనించమనేది ఇంతే. జెండా మారింది, చోటు మారింది, కంపెనీ మారలేదు. కరేడు రైతు 2024లో ఎవరికి ఓటు వేసి ఉన్నా ఈ విషయంలో ఫలితం వేరుగా ఉండేదని నాకు నమ్మకం లేదు.

మీ సర్వేపల్లి నియోజకవర్గం సంగతే ఆలోచించండి. ఎన్నికల సభల్లో బూడిద లారీలు ఎవరివి, గ్రావెల్ ఎవరు తోలుకున్నారు అని ఒకరినొకరు ఎంతగా తిట్టుకుంటారో మీరు నాకన్నా ఎక్కువ విని ఉంటారు. ఆ తగాదా నిజమైనదే, అందులో డబ్బూ ఉంది. కానీ ఆ బూడిద పుట్టే ప్లాంటుకు ఏడాదికి ఎంత స్థిర ఛార్జీ కడుతున్నాం, బూడిద చెరువు పక్క ఊళ్ల నీళ్లను ఎవరు పరీక్షిస్తున్నారు అని ఏ వేదిక మీదైనా అడగ్గా విన్నారా? లారీల కాంట్రాక్టు స్థానిక నాయకులకు వదిలేస్తారు, వాళ్లు దాని మీద కొట్టుకుంటుంటే అసలు ఒప్పందం ఎవరి నోటా రాదు.

ఇక చేయగలిగినది. ఎన్నికల సంఘం వారి 'సీ-విజిల్' యాప్‌లో పంపకాల ఫొటోలు పెట్టమని అందరూ చెబుతారు. పెట్టండి, కాదనను. అభ్యర్థుల ఆస్తుల అఫిడవిట్ కూడా చదవండి, ముఖ్యంగా ఆయనకో భార్యకో ఏ కంపెనీల్లో వాటాలున్నాయో చూడండి. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఒక్క రూపాయి రుసుముతో దాన్ని ఎవరైనా చూడవచ్చు. మేం అంత కష్టపడి రాసిన పులిహోర లెక్క చూడటానికి ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూసేవాళ్లం. ఒక్కరూ రాలేదు.

నాకు వీటన్నిటికన్నా పదునుగా అనిపించేవి రెండు. కాలుష్యం ఉన్న పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీ దగ్గర ఉండాలి, మాట్లాడినదంతా వీడియో తీయాలి, చివర్లో నమోదు చేసిన అభ్యంతరాలను అక్కడికక్కడే చదివి వినిపించాలి. చాలాచోట్ల భోజనాల హడావిడిలో జనం ఈ చివరి అంకానికి ముందే లేచిపోతారు. మీరు లేవకండి. చదివినదాంట్లో మీ మాట లేకపోతే అక్కడే అడగండి, తర్వాత కోర్టులోనో హరిత ట్రిబ్యునల్‌లోనో పనికొచ్చేది ఆ కాగితమే.

రెండోది కరెంటు ధరలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి విచారణ. డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలను నవంబరు ఆఖరులోగా మండలికి ఇవ్వాలి. వాటి మీద మామూలుగా జనవరిలో బహిరంగ విచారణ ఉంటుంది. నెల్లూరు వారికి తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, ప్రకాశం వారికి విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్. మండలి ఆఫీసు కర్నూలులో ఉన్నా అంతదూరం వెళ్లనక్కర్లేదు, డిస్కం సర్కిల్ ఆఫీసు నుంచి వీడియోలో మాట్లాడే ఏర్పాటు చేస్తున్నారు. ఆ విచారణల్లో ఏటా కనిపించేవి ఎక్కువగా అవే ముఖాలు, కొందరు వామపక్ష నాయకులు, రైతు సంఘాల పెద్దలు, పరిశ్రమల ప్రతినిధులు, ఒకరిద్దరు రిటైరైన మాలాంటివాళ్లు. ఊళ్ల నుంచి కుర్రాళ్లు రారు. లావుపాటి ఫైలింగ్ అంతా చదవాల్సిన పని లేదు. విద్యుత్ కొనుగోలు వ్యయం అన్న అధ్యాయం తీసి, ప్లాంట్లవారీ పట్టికలో కృష్ణపట్నం చుట్టూ ఉన్న పేర్లు చూడండి. "ఈ ప్లాంటు నుంచి గత ఏడాది ఎన్ని యూనిట్లు కొన్నారు, కొనని కరెంటుకు స్థిర ఛార్జీ ఎంత కట్టారు?" అని తెలుగులోనే రాసి, డిస్కంకు ఒక ప్రతి, మండలి కార్యదర్శికి ఒక ప్రతి గడువులోపు పంపండి. డిస్కం దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. మీ అభ్యంతరం, వారి జవాబు రెండూ మండలి ఇచ్చే టారిఫ్ (ధరల) ఉత్తర్వులో అచ్చవుతాయి. తర్వాతి ఎన్నికల్లో మీ ఊరికి వచ్చిన అభ్యర్థి ముందు పెట్టడానికి మీ చేతిలో ఒక పేజీ ఉంటుంది.